అమ్మ మీద ఫిర్యాదు

ఆ విషయం నాకు ఇంగ్లండులో, ఒక గొర్రెల మంద మధ్య నిలబడి ఉండగా తెలిసింది. అప్పటికి అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. నేనూ, చిన్నప్పుడు సౌదీలోని జుబైల్‌లో మా పక్క ఫ్లాట్‌లో పెరిగిన వసంతా కలిసి యార్క్‌షైర్ సముద్రపు ఒడ్డున, కొండల మీద నుంచి నడుస్తున్నాం. నేను జెద్దాలో పిల్లల డాక్టర్ని. వసంత లీడ్స్‌లో ఉంటుంది. యాభై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు సెలవు పెట్టి మరీ నడవడానికి వెళ్ళడమేమిటని మా ఆస్పత్రిలో నవ్వారు. ఆలోచన వసంతది. అక్కడ అలాంటి నడకలకి ఒక పద్ధతి ఉంది. వెంట గైడు ఎవరూ రారు. ఒక కంపెనీవాళ్ళు మ్యాపూ, దారి వివరాలు రాసిన చిన్న పుస్తకమూ పంపిస్తారు. మన పెట్టెల్ని ఒక ఊరి బస నుంచి తర్వాతి ఊరి బసకి వ్యానులో చేరుస్తారు. మధ్యలో ఉన్న రోజంతా మనది. వీపున చిన్న సంచీ, అందులో వాన కోటు, తినడానికి ఏదో ఒకటి, ఫ్లాస్కులో టీ. ఎక్కడ కూర్చున్నా, ఎంతసేపు కూర్చున్నా అడిగేవాళ్ళుండరు.

మొదటి రోజు హాయిగా గడిచింది. ఆ పుస్తకంలోని వాక్యాలు చదువుకుని ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. గేటు దాటాక ఎడమకి తిరగండి, పొలంలో ఎద్దు కనబడితే కంచె పక్కగా వెళ్ళండి, చర్చి శిఖరం ఎదురుగా కనబడిందంటే దారి తప్పారన్నమాట, ఇలా ఉండేవి. ఒకపక్క సముద్రంలోకి విరిగిపడిన కొండ అంచు, రెండోపక్క పచ్చిక. అక్కడక్కడ దారి సముద్రాన్ని వదిలి సరాసరి ఎవరి పొలంలోకో పోయేది. కంచె దాటడానికి రెండు చెక్క మెట్లు కట్టి ఉండేవి. మొదటిసారి ఆ మెట్టెక్కి ఆగిపోయాను. అవతల ఒకతను ట్రాక్టరు మీద ఉన్నాడు. అరుస్తాడనుకున్నాను. చెయ్యెత్తి ఊపి తన పని తను చూసుకున్నాడు. పొలం అతనిదే గానీ అందులోంచి పోయే దారి అందరిదీ అని, దాన్ని మూసెయ్యడానికి అతనికి వీల్లేదని వసంత చెప్పింది. ఆ మాట నాకు ఒంటబట్టలేదు. నేను సౌదీలో పెరిగినదాన్ని. గుమ్మం దాటాలంటే ముందు ఎవరినో ఒకరిని అడగాలన్నది చిన్నప్పుడే నాలో పాతుకుపోయింది. మెట్టు దిగి, ఆ పొలం దాటేదాకా తల వంచుకునే నడిచాను.

రెండో రోజు మధ్యాహ్నం గడ్డిలో కూర్చుని టీ తాగి లేచాం. చుట్టూ గొర్రెలు. వసంతకి బూటు కరిచింది. మడమకి ప్లాస్టర్ అంటించుకుంటూ మాటల్లో మాటగా, మీ అమ్మకి ఆ మోకాళ్ళ నొప్పులు చివరిదాకా ఉన్నాయా అని అడిగింది. ఏ మోకాళ్ళ నొప్పులన్నాను. వాళ్ళమ్మ కుమారి ఆంటీ, ఆ బిల్డింగులోని మిగతా ఆడవాళ్ళూ రోజూ సాయంత్రం ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయాలు వేసుకుని సముద్రం దాకా నడవడానికి పోతూ మా తలుపు కొట్టేవాళ్ళు. అమ్మ సగం తలుపు తీసి, మోకాళ్ళు లాగేస్తున్నాయండీ, మీరెళ్ళి రండి అని పంపించేసేది. వసంతకి గుర్తున్నది అది. ఆ నొప్పుల వెనక ఉన్న అసలు సంగతి నాకు తెలుసు. ఎవరికీ చెప్పకూడదని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. అమ్మే లేనప్పుడు ఇక దాచడమెందుకని ఆ కొండ మీద వసంతకి చెప్పేశాను.

చెప్పాలంటే జుబైల్ దగ్గర మొదలుపెట్టాలి. నాన్న అక్కడ ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. మాది కంపెనీ ఇచ్చిన ఫ్లాటు. ఏసీల హోరు, ఫినాయిల్ వాసన, వంటింట్లో ఇంగువ, స్నానాల గదిలో నాన్న విప్పేసిన నీలం డ్రెస్సు నుంచి వచ్చే కుళ్ళిన గుడ్డు లాంటి ఫ్యాక్టరీ వాసన, ఇవన్నీ కలిసిపోయి ఉండేది ఆ ఇల్లు. అమ్మ ఆ డ్రెస్సుని వేరే బకెట్లో నానబెట్టేది, మా బట్టలతో కలవనిచ్చేది కాదు. కిందనున్న బకాలాని, అంటే కిరాణా కొట్టుని, ఒక మలబారు అతను నడిపేవాడు. అమ్మ ఫోన్ చేసి చింతపండో కొత్తిమీరో కావాలంటే పైకి పంపేవాడు. ఫోన్లో అతనితో మాట్లాడీ మాట్లాడీ అమ్మకి మలయాళం వచ్చేసింది. అతని మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. శుక్రవారం నాన్న వంజరం చేప తెచ్చేవారు. తేగానే దాన్ని సింకు దగ్గర పట్టుకుని నిలబడి, కాసేపు వాసన చూసి, ఇది ఐసులో పడుకుని వచ్చింది, సముద్రం వాసన పోయింది అనేది అమ్మ. నాన్న నవ్వేవారు. ఆయన నవ్వు అందరికీ ఇష్టం. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ పుట్టినరోజైనా ఆయన లేకుండా జరిగేది కాదు. ఎవరికి ఏ సాయం కావాలన్నా ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. ఇంట్లో గొంతెత్తి అరవడం నేను వినలేదు. ఇది రాయాలి. అరిచే మనిషైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

అమ్మది ఉప్పాడ. నేతపని వాళ్ళ ఇల్లు. వాళ్ళ నాన్న మగ్గాల వాళ్ళకి నూలు ఇచ్చి చీరలు నేయించేవారు. నూలు కండెల బుట్ట చంకన పెట్టుకుని ఇంటింటికీ తిప్పే పని అమ్మది. పొద్దున్న ఊళ్ళో తిరిగేది, సాయంత్రం ఒడ్డు వెంట పడవల దాకా పోయి వచ్చేది. కాకినాడ వైపు ఇసుకలో ఎంత దూరం పోయినా వాళ్ళమ్మ ఏమీ అనేది కాదట, చేప తెస్తే చాలట. తిండి తినకపోయినా ఉండగలను గానీ తిరక్కుండా ఉండలేను అనేది అమ్మ. అలాంటి మనిషి పెళ్ళై వచ్చి జుబైల్లో మూడో అంతస్తులో కూర్చుంది. బయటికి వెళ్ళడమంటే వారానికోసారి నాన్న కారులో సూపర్ మార్కెట్టుకి, ఎవరి ఇంటికో పుట్టినరోజుకి.

ఒకరోజు నాకు బడి లేదు. నాన్న డ్యూటీకి వెళ్ళారు. అమ్మ బట్టలు ఆరేసి వచ్చి అబాయా తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని, దా బుజ్జీ అంది. మెట్లు దిగాం. రెండు వీధులు దాటాం. మూడో వీధి చివర సముద్రం ఉంది. అంత దగ్గర ఉందని నాకు తెలియదు. అమ్మ ఒడ్డున నిలబడి చాలాసేపు చూసి, ఇదేం సముద్రమే, అలల్లేవు, పళ్ళెంలో నీళ్ళలా ఉంది అంది. అయినా చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్ళంచునే నడిచింది. నేను పరిగెత్తితేగానీ అందలేదు. అంత వేగంగా అమ్మ నడవగలదని నాకు ఆ రోజే తెలిసింది. ఒక పాకిస్తానీ కుటుంబం చాప పరుచుకుని కూర్చుని ఉంది. వాళ్ళావిడ పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆవిడ ఉర్దూ, అమ్మ తెలుగు, ఇద్దరూ చక్కగా మాట్లాడుకున్నారు. ఒక పోలీసు కారు మెల్లగా వెళ్ళింది. అమ్మ ముసుగు సర్దుకుంది. కారు ఆగలేదు. అబాయా అంచు తడిసి, కాళ్ళకి ఇసుకతో ఇంటికొచ్చాం. ఆ సాయంత్రం అమ్మ వంట చేస్తూ కూనిరాగం తీసింది. స్నానాల గదిలో ఇసుక ఏమిటని నాన్న అడిగితే దాచకుండా చెప్పింది. నాన్న ఊఁ అన్నారు. అంతే.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చిన నాన్న బూట్లు విప్పకుండా సోఫాలో కూర్చున్నారు. అమ్మని పిలిచారు. ఎవరో చూసి, మన వీసాలకి పూచీ పడ్డ కఫీల్ ఆఫీసులో ఫిర్యాదు చేశారని చెప్పారు. భర్త లేకుండా ఆడమనిషి ఒడ్డున తిరుగుతోందని రాసిచ్చారట. తనని పిలిపించారట, నిలబెట్టి మాట్లాడారట. చేతులు పట్టుకుని బతిమాలితే ఈసారికి వదిలేశారట. ఇంకోసారి ఇలాంటిది వస్తే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ముగ్గురినీ విమానం ఎక్కించేస్తామన్నారట. అన్నీ మెల్లగా, తలొంచుకుని చెప్పారు. అమ్మ నేలమీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. నా వల్ల మీకింత మాట వచ్చిందా, ఇంకెప్పుడూ ఎళ్ళనండి, గుమ్మం దాటి అడుగు పెట్టనండి అని ఏడ్చింది. నాన్న ఆమె తల నిమిరారు. ఇది బయట ఎవరికీ తెలియకూడదన్నారు, తెలిస్తే ఫ్యాక్టరీలో పరువు పోతుందన్నారు. ఎవరైనా నడవడానికి పిలిస్తే మోకాళ్ళ నొప్పులని చెప్పమన్నదీ ఆయనే. మిగతావాళ్ళు వెళ్తున్నారు కదా అని అమ్మ ఒకసారి అడిగింది. వాళ్ళ మీద రిపోర్టు లేదు, మన మీద ఉంది అన్నారు నాన్న. ఆ మాటతో అయిపోయింది.

ఆ తర్వాత మేం జుబైల్లో ఉన్న అన్నేళ్ళూ అమ్మ ఇంట్లోనే నడిచింది. భోజనాలయ్యాక కొంగు బొడ్లో దోపుకుని వంటింటి నుంచి వీధి తలుపు దాకా, తలుపు నుంచి వంటింటి దాకా. నేను హాల్లో కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే ఆ అడుగుల చప్పుడు వినబడుతూనే ఉండేది. నడుస్తూ తనలో తనే మాట్లాడుకునేది. ఇదిగో నూకాలమ్మ వాళ్ళ అరుగు, ఇదిగో అప్పారావు బాబాయి మగ్గం, అమ్మో కుక్క, ఈ సందులోంచి పోదాం అనుకునేది. నాకది ఆటలా ఉండేది. ఒక్కోసారి నేనూ వెనకాలే నడిచి, ఇప్పుడెక్కడున్నాం అమ్మా అని అడిగేదాన్ని. సాయంత్రమయ్యేసరికి నాన్న కాన్వాస్ బూట్లు వేసుకుని వసంత వాళ్ళ నాన్నతో కలిసి సముద్రపు ఒడ్డుకి షికారుకి వెళ్ళేవారు. ఒక్కరోజు మానలేదు. వచ్చాక అమ్మ ఆ బూట్లు బాల్కనీలో దులిపి, ఇసుక తుడిచి, గోడవారగా పెట్టేది. తలుపు ఎవరు తట్టినా కఫీల్ మనుషులొచ్చారేమోనని అమ్మ నా మొహం చూసేది, నేను అమ్మ మొహం చూసేదాన్ని.

ఇండియా తిరిగొచ్చేసి కాకినాడలో స్థిరపడ్డాక ఇక నడుస్తుందనుకున్నాను. అక్కడ కఫీల్ లేడు, రిపోర్టు లేదు. కానీ అమ్మ గేటు దాకా వెళ్ళి ఆగిపోయేది. వెనక్కి తిరిగి నాన్న ఎక్కడున్నారో చూసేది. ఎళ్ళొచ్చెయ్ అని ఆయన అంటే, ఎందుకులెండి, కాళ్ళు లాగుతాయి అనేది. అబద్ధపు నొప్పి అన్నేళ్ళు చెప్పీ చెప్పీ అలవాటైపోయింది. ఒకసారి నేనే బలవంతాన ఉప్పాడ తీసుకెళ్ళాను. అమ్మ నడిచిన ఒడ్డు లేదు. సముద్రం లోపలికొచ్చేసింది. వాళ్ళ వీధిలో సగం ఇళ్ళు నీళ్ళలో పోయాయి. రాళ్ళు పోసిన చోట నిలబడి, నేను వచ్చేదాకా ఉండలేదే అంది అమ్మ.

ఇదంతా విని వసంత ప్లాస్టర్ కాగితం చేతిలో పట్టుకుని నన్నే చూస్తూ ఉండిపోయింది. ఫిర్యాదు అంటే ఏం ఫిర్యాదే అంది. వాళ్ళ నాన్నా, మా నాన్నా ఒకే సెక్షన్లో పనిచేశారు. అలాంటిది జరిగి ఉంటే వాళ్ళింట్లో తెలియకుండా ఉండదు. అక్కడికక్కడే వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. కుమారి ఆంటీ ఇప్పుడు రాజమండ్రిలో ఉంటుంది. మనిషి పెద్దదైపోయింది గానీ గొంతు మారలేదు. వసంత స్పీకరు పెట్టి విషయం చెప్పి నన్ను మాట్లాడమంది.

"ఎవరు చేత్తారమ్మా ఫిర్యాదు?" అంది కుమారి ఆంటీ. "మేం అంతమందిమి రోజూ ఎళ్ళొచ్చేవాళ్ళం. మమ్మల్ని ఎవరూ ఏమీ అన్లేదు. మీ నాన్నే మా ఆయనతో చెప్పి నవ్వారంట. ఒక్క మాట అన్నానండి, ఇంక గుమ్మం దాటదు అని."

ఆవిడే మళ్ళీ మాట్లాడింది. మా అమ్మతో చెప్పేద్దామనుకుందట. మొగుడూపెళ్ళాల మధ్య మనకెందుకని వసంత వాళ్ళ నాన్న, అంకుల్, ఆపేశారట. "చెప్పలేదమ్మా. ఊరుకున్నాను" అంది. ఫోన్ పెట్టేశాక వసంత నా భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. నేను పక్కకి జరిగాను.

ఆ మధ్యాహ్నం మిగిలిన దారి నేనెలా నడిచానో నాకు సరిగా గుర్తులేదు. వాన మొదలైంది. కోటు తీసి వేసుకోవాలని కూడా అనిపించలేదు. వసంత వెనకాల ఎక్కడో ఆగు ఆగు అంటూనే ఉంది. ముందు నాన్న మీద కోపం. తర్వాత నవ్వుతూ విన్న అంకుల్ మీద. తర్వాత రోజూ తలుపు కొట్టి, మా అమ్మ మొహంలోకి చూసి, నొప్పులు తగ్గాయా అని అడిగి, లోపలున్న నిజాన్ని మింగేసి వెళ్ళిపోయిన కుమారి ఆంటీ మీద. ఆవిడ చెప్పాల్సింది ఒక్క వాక్యం. అది చెప్పడానికి ఆవిడకి రోజూ మా గుమ్మంలోనే అవకాశం ఉండేది. కాసేపటికి అమ్మ మీద కూడా కోపం వచ్చింది. ఎందుకు నమ్మావే అని పైకే అనేశాను. గొర్రెలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడ్డాయి. అమ్మ మీద కోపం నిలబడలేదు. అది తిరిగి నాన్న దగ్గరికే పోయింది, ఈసారి ఇంకా ఎక్కువగా.

సాయంత్రానికి ఒక చోట దారి ఉన్నట్టుండి లోపలికి తిరిగింది. మ్యాపులో గీత మాత్రం తిన్నగా ఉంది. కుక్కని తిప్పుతున్న ఒక ముసలాయన మేము తికమకపడటం చూసి ఆగి చెప్పాడు. పాత దారి సముద్రంలో పడిపోయిందట. కొండ అంచు ఏటేటా విరిగిపోతుంటుందట. విరిగినప్పుడల్లా పొలంలో కంచెని వెనక్కి జరిపి, నడిచేవాళ్ళకి మళ్ళీ దారి వదులుతారట. ఇదేం పెద్ద విషయం కానట్టు చెప్పి కుక్కని పిలుచుకుంటూ వెళ్ళిపోయాడు. ముక్కూమొహం తెలియని వాళ్ళ కాళ్ళ కోసం ఎవరో కంచె వెనక్కి జరుపుతున్నారు. మా ఇంట్లో, మేం ప్రేమించిన మనిషి, మా అమ్మ తల నిమిరి, మూడు వీధుల అవతలి సముద్రాన్ని ఆమెకి లేకుండా చేశాడు. ఆ ముసలాయన మంచివాడే. ఆ పూట అతని మంచితనం కూడా నాకు పడలేదు. ఆ రాత్రి బస నడిపే ఆవిడ తడిసిన బూట్లు ఆరబెట్టడానికి వెచ్చటి గది చూపించి, నడక బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. భోజనం కెలికి వదిలేశాను.

నాన్న ఇప్పుడు నా దగ్గర జెద్దాలోనే ఉన్నారు. అమ్మ పోయాక విజిట్ వీసా మీద తీసుకొచ్చుకున్నాను. నేను పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో మేమిద్దరమే. ఈ ఏర్పాటులో ఉన్న విడ్డూరం ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. ఆయన ఈ దేశంలో ఉండటానికి కారణం ఇక్కడ నివాసానికి నాకిచ్చిన పర్మిట్టు, నా ఇఖామా. కాగితాల ప్రకారం ఆయన్ని ఇక్కడికి రప్పించింది నేను, పంపించేయగలిగిందీ నేనే. ఎనభై దాటినా షికారు మానలేదు. సాయంత్రం ఎండ తగ్గగానే టోపీ పెట్టుకుని సముద్రం పక్క కార్నిష్ రోడ్డు మీదికి వెళ్తారు. ఆ సముద్రపు ఒడ్డు మొత్తం ఇప్పుడు ఆడవాళ్ళే. సౌదీ అమ్మాయిలు గుంపులుగా పరిగెడతారు. కాలేజీ పిల్లలు కారు తామే నడుపుకొచ్చి, కాఫీ కప్పులతో రాళ్ళ మీద కూర్చుంటారు. నాన్న ఇంటికొచ్చి అవన్నీ నాకు చెప్పేవారు. దేశం ఎంత మారిపోయిందమ్మా, మీ అమ్మ ఇప్పుడుంటే సంతోషించేది అనేవారు. ఊళ్ళో చుట్టాలు ఫోన్లో అదే మాట అంటారు. నేనూ ఇంగ్లండు వెళ్ళేదాకా అలాగే అనుకున్నాను. అప్పట్లో ఈ దేశంలో ఆడవాళ్ళకి భయాలు లేవని నేననను. చాలా ఉండేవి. కానీ మా అమ్మని ఆపిన భయం వీధిలోంచి రాలేదు. వీధిలో ఉన్న భయాన్ని చూసి, అలాంటిదే ఒకటి ఇంట్లో తయారుచేశారు నాన్న. వీధిలోది మెల్లమెల్లగా పోయింది. ఇంట్లోది అమ్మతో పాటు శ్మశానం దాకా వెళ్ళింది. దేశం మారిందని ఆయన అంటుంటే వినడం ఇక నా వల్ల కాలేదు.

తిరిగొచ్చాక కొన్నాళ్ళు ఏమీ అనలేదు. మందులు ఇచ్చాను, బీపీ చూశాను, చారు పెట్టాను. ఆయన ఇంగ్లండు ఫోటోలు చూపించమని అడిగితే ఫోన్ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఒక సాయంత్రం ఆయన టోపీ పెట్టుకుని, బయల్దేరేముందు టీ తాగుతున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను. అలా అనాలని ముందుగా అనుకోలేదు. నోటికి వచ్చేసింది.

"నాన్నా, మీరు ఇంక బయటికి వెళ్ళకండి. మీ మీద ఫిర్యాదు వచ్చింది" అన్నాను. విజిట్ వీసా మీద ఉన్న మనిషి రోజూ ఒక్కడే ఒడ్డున తిరుగుతున్నాడని ఎవరో మా ఆస్పత్రిలో చెప్పారని, నా ఇఖామాకే ముప్పు వస్తుందంటున్నారని చెప్పాను.

ఆయన కప్పు కింద పెట్టారు. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు, ఇదెక్కడి రూలు, ఒక్క ప్రశ్న లేదు. "నీ ఉద్యోగానికేం కాదు కదమ్మా? నేను ఎళ్ళన్లే. ఇంట్లోనే ఉంటాను. గుమ్మం దాటను" అన్నారు. టోపీ తీసి బల్ల మీద పెట్టారు. వంగి బూట్ల లేసులు విప్పసాగారు.

నేను ఆ చేతుల్ని చూశాను. ఇంతేనా, ఇంత తేలికా అనిపించింది. ఒక మనిషిని నాలుగు గోడల మధ్య పడెయ్యడానికి ఈ కాసిని మాటలు చాలా?

"అబద్ధం. ఎవరూ ఏమీ అనలేదు" అన్నాను. "నేను కుమారి ఆంటీతో మాట్లాడాను."

కోపంలో ఉండి కూడా ఆయన్ని మీరు అనే అంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది. ఆయన కిటికీ వైపు తిరిగారు. ఊరు కాని ఊరు, అంతా మగాళ్ళు, మీ అమ్మకి భాష రాదు, ఏమైనా జరిగితే ఎవరు దిక్కు అని మొదలుపెట్టారు. కుమారి ఆంటీకి వచ్చా భాష అన్నాను. తర్వాత చెప్పింది మాత్రం ఏమీ కప్పకుండా చెప్పారు.

"నాకిష్టం లేదమ్మా, అంతే. ఇష్టం లేదంటే మీ అమ్మ ఎందుకని అడిగేది, వాదించేది. భయపడితే అడగదు" అన్నారు. కాస్త ఆగి, "ఎవరు ఫిర్యాదు చేశారని అడుగుతుందేమోనని ఒక పేరు కూడా అనుకుని పెట్టుకున్నాను. అడగలేదు" అన్నారు.

ఆ పేరు ఎవరిదో నేనూ అడగలేదు. అలాంటి అబద్ధాన్ని కప్పులో టీ చల్లారేదాకా కూడా నేను నిలబెట్టలేకపోయాను, మీరు ఆవిడ పోయేదాకా ఎలా నిలబెట్టారు నాన్నా అని మాత్రం అడిగాను. ఉప్పాడలో రాళ్ళ మీద నిలబడినప్పుడు, ఆస్పత్రిలో మంచం మీద ఉన్నప్పుడు, ఒక్కసారి కూడా చెప్పాలనిపించలేదా అని అడిగాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఇంకెప్పుడైనా అయితే లేచి వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. ఆ రోజు కూర్చున్నచోటు నుంచి లేవలేదు. ఎనభై దాటిన మనిషిని ఏడిపించావా అని ఎవరైనా నన్ను అడగొచ్చు. ఆ మాట మా అమ్మ ఏడ్చిన రోజు ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో పైకి ఏమీ మారలేదు. వీసా గడువు వచ్చింది, పొడిగించాను. వసంత ఫోన్ చేసినప్పుడల్లా పెద్దాయన, వదిలెయ్యవే అంటుంది. ఆయన్ని చూసుకోవడం నేను మానలేదు, కోపం కూడా మానలేదు. రెండూ ఒకే ఇంట్లో ఉంటున్నాయి. ఒకటి మాత్రం కొత్తగా మొదలైంది. ఎండ తగ్గాక ఆయన ఎప్పటిలా టోపీ పెట్టుకుంటారు. తలుపు దాకా వెళ్తారు. గొళ్ళెం మీద చెయ్యి వేసి ఆగి, వెనక్కి తిరిగి, "ఎళ్ళొచ్చేదా అమ్మా?" అని అడుగుతారు. ఇంతకుముందు ఎప్పుడూ అడిగిన మనిషి కాదు. నేను చదువుకుంటున్న దాంట్లోంచి తల ఎత్తను. ఆయన కాసేపు అలాగే నిలబడతారు. ఎవరినీ అడగక్కర్లేదు నాన్నా, తలుపు తీసుకుని వెళ్ళండి అని నేను చెప్పాలి. ఇంకా చెప్పలేదు.